కాలు జారిందా, కళ్లు తిరిగాయా?

డాక్టరమ్మకు ఉత్తరాలు: ఇంట్లో పెద్దవాళ్లకు జరిగే ప్రమాదాలు, ఆకస్మిక మరణాలు

పోయిన సంచికలో మోకాళ్ల నొప్పుల గురించి రాస్తూ, రాత్రిళ్లు బాత్‌రూమ్‌లో పడిపోయే పెద్దవాళ్ల సంగతి ఒకటి రెండు వాక్యాల్లో ప్రస్తావించాను. మోకాళ్ల సంగతి వదిలేసి అందరూ ఆ రెండు వాక్యాల మీదే ఉత్తరాలు రాశారు. చాలా ఉత్తరాల్లో ఒకటే మాట, "ఉన్నట్టుండి పోయారు" అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మా అమ్మకి 74 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. మందులు తప్పకుండా వేసుకునేది. కార్తీక మాసంలో తెల్లవారుజామున స్నానానికని లేచి బాత్‌రూమ్‌లో పడిపోయింది. పక్క గదిలోనే ఉన్న నాన్నకి కేక కూడా వినపడలేదట. ఎంతకీ రాలేదని వెళ్లి చూసేసరికి ప్రాణం లేదు. తల మీద చిన్న దెబ్బ తప్ప ఒంటి మీద గాయం లేదు. అంతకుముందు రెండు రోజులు ఆయాసంగా ఉందని, మెట్లు ఎక్కలేకపోతున్నానని అంది. వచ్చినవాళ్లందరూ "కాలు జారి పడి పోయింది" అన్నారు. ఆ బాత్‌రూమ్‌కి కొత్త టైల్స్ వేయించింది నేనే. అది నన్ను తినేస్తోంది. ఇప్పుడు నాన్న (79) అదే ఇంట్లో ఒక్కరే ఉంటానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు టైల్స్ సంగతి తేల్చేద్దాం. పోస్ట్‌మార్టమ్ జరగని ఇలాంటి ఆకస్మిక మరణానికి కారణం ఇదీ అని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేరు. కానీ మీరు రాసింది చదివితే మీ అమ్మగారు కాలు జారి పోయారని నాకు అనిపించడం లేదు. జారేవాళ్లకి తాము జారుతున్నట్టు తెలుస్తుంది. కేక వేస్తారు. చెయ్యి ఆనించబోతారు, దేన్నో పట్టుకోబోతారు, బకెట్ దొర్లుతుంది. మణికట్టో, తుంటో విరుగుతుంది. ఆ తర్వాత నొప్పితో పిలుస్తారు. ఏ చప్పుడూ లేకుండా కూలిపోయి, అక్కడికక్కడే ప్రాణం పోయిందంటే, ముందు గుండె ఆగి ఆ తర్వాత మనిషి పడి ఉండే అవకాశమే ఎక్కువ. తల మీది చిన్న దెబ్బ పడటం వల్ల తగిలింది, అంతే. మీరు ఏ టైల్స్ వేయించినా, అసలు వేయించకపోయినా అది ఆగేది కాదు.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకి నరాలు మొద్దుబారి, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. నొప్పికి బదులు ఆయాసం, ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పడం, ఎన్నడూ లేని నీరసం వస్తాయి. మీ అమ్మగారి ఆయాసం అదే అయి ఉండవచ్చు. 74 ఏళ్ల మనిషి మెట్లు ఎక్కలేకపోతున్నానంటే ఏ ఇంట్లో అయినా వయసు వల్లే అనుకుంటారు. దాన్ని మీ మీద వేసుకోకండి. మీ నాన్నగారి విషయంలో మాత్రం ఆ గుర్తు పెట్టుకోండి. నిన్నటిదాకా చేసిన పని ఈ రోజు ఆయాసంతో చేయలేకపోతున్నారంటే ఆ రోజే ఈసీజీ తీయించాలి.

ఈ తేడాని ఇంతగా పట్టి పట్టి చెప్పడానికి కారణం ఉంది. "కాలు జారింది" అనుకున్న ఇంట్లో టైల్స్ మారుస్తారు, రబ్బరు మ్యాట్ కొంటారు, అంతటితో ఊరుకుంటారు. మిగిలిన పెద్దాయన ఒంట్లో ఏముందో ఎవరూ చూడరు. మా దగ్గరికి ఎవరైనా పడ్డారని తీసుకొస్తే, ఎక్కడ దెబ్బ తగిలిందో చూసుకున్న వెంటనే నేను అడిగేది "ఎందుకు పడ్డారు?" అనే. కాలు జారిందా, కళ్లు తిరిగాయా, లేక ఎలా పడ్డారో వాళ్లకే గుర్తు లేదా? మూడో జవాబు వస్తే నాకు టెన్షన్. గుర్తు లేదంటే పడకముందే స్పృహ తప్పి ఉండవచ్చు. అలాంటి మనిషికి గుండె పరీక్షలు అయ్యేదాకా ఇంటికి పంపకూడదు.

మీ నాన్నగారికి ఈ వారమే ఒక పరీక్ష చేయించండి. ఖర్చేమీ ఉండదు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడాలి. నిలబెట్టి ఒక నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, లేచి నిలబడినప్పుడల్లా ఆయన మెదడుకి రక్తం చాలడం లేదని అర్థం. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసి పంపించేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

ఆ వయసు మగవాళ్లు చాలామంది ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ లాంటి మాత్ర వాడుతుంటారు. దాంతోపాటు బీపీ మాత్ర, ఒంట్లో నీరు తీసే మాత్ర, నిద్రమాత్ర, జలుబుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర. ఒక్కోటి ఒక్కో డాక్టరు రాసినవే, విడివిడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. అన్నీ కలిసి రాత్రి రెండింటికి మనిషిని పడేస్తాయి. అన్నిటినీ ఒక కవర్లో వేసి ఒకే డాక్టరు ముందు పెట్టండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి.

ఆయనకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మెలకువ రాగానే లేచి నడవకూడదు. మంచం అంచున కూర్చుని, పాదాలు కిందికీ పైకీ కాసేపు ఆడించి, తల తేలికగా లేదని చూసుకుని అప్పుడు లేవాలి. రాత్రిపూట మూత్రం కూర్చునే పోయాలి. నిలబడి పోస్తున్నప్పుడు మూత్రాశయం ఖాళీ అవుతూనే బీపీ జారి స్పృహ తప్పే మగవాళ్లున్నారు. మలబద్ధకం ఉంటే మందు వాడాలి. ముక్కడం వల్ల కూడా ఇలాగే పడిపోతారు. స్నానానికి మరీ చన్నీళ్లు వద్దు, మరీ వేన్నీళ్లూ వద్దు. చన్నీళ్లు ఒక్కసారిగా మీద పడితే బీపీ ఎగుస్తుంది, వేన్నీళ్లకి రక్తనాళాలు విప్పారి బీపీ దిగుతుంది. జపాన్‌లో చలికాలంలో వేడినీటి తొట్టిలో స్నానం చేస్తూ ఏటా వేల మంది పెద్దవాళ్లు చనిపోతారు. చల్లటి గదిలో బట్టలు విప్పి వేడి నీళ్లలోకి దిగడం, అందులోంచి లేవడం, ఈ రెండూ బీపీని అటూ ఇటూ ఊపేస్తాయి. అక్కడ దాన్ని హీట్ షాక్ అంటారు, చలికాలం వస్తే టీవీల్లో హెచ్చరికలు వస్తాయి. మన కార్తీక స్నానాలకి, దీపావళి తెల్లవారుజాము తలంట్లకి అలాంటి హెచ్చరిక చేసేవాళ్లు లేరు. నలభై దాటని వాళ్లు చుక్క ఉండగానే చేయండి. గుండె జబ్బున్న పెద్దవాళ్లు పొద్దెక్కాక గోరువెచ్చని నీళ్లతో చేస్తే ఏ పుణ్యమూ తగ్గదని నా నమ్మకం.

ఇక ఇల్లు. ఈసారి వెళ్లినప్పుడు ఒక రాత్రి మీ నాన్నగారి మంచం మీద మీరు పడుకోండి. రెండింటికి లేచి, లైటు వేయకుండా బాత్‌రూమ్ దాకా నడవండి. మంచం కింద చెప్పులు, ఫ్యాన్ వైరు, దోమల బ్యాట్ ఛార్జర్, మడతపడ్డ పట్టా, అన్నీ కాలికి తెలుస్తాయి. మన ఇళ్లలో బాత్‌రూమ్ గది నేల కన్నా రెండు మూడు అంగుళాలు పల్లంలో ఉంటుంది. సరిగ్గా ఆ మెట్టు దగ్గరే తడి కాళ్లపట్టా వేస్తాం, అది కాలితోపాటు జారుతుంది. లోపల పట్టుకోవడానికి కనిపించేది టవల్ రాడ్ ఒక్కటే. అది తువ్వాలు మోయడానికే, మనిషి బరువు పడితే స్క్రూలతో సహా ఊడి వస్తుంది. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి స్టీలు పిడులు గోడకి డ్రిల్ చేసి బిగించండి. గాలితో అతుక్కునే రకం వద్దు. స్నానానికి పీట తీసేసి, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేయండి. తలంటిన రోజు తూము చుట్టూ నూనె జిడ్డు పేరుకుంటుంది. అది ఆ పూటే సబ్బుపొడి వేసి కడగాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు పెట్టండి.

ఆయన ఒక్కరే ఉండవచ్చా అంటే, పైవన్నీ చేశాక ఉండవచ్చు. పొద్దున ఏడింటికి ఎవరో ఒకరు పలకరించే ఏర్పాటు మాత్రం ఉండాలి. పాలవాడు, పక్కింటివాళ్లు, మీ ఫోను, ఎవరైనా సరే. ఎత్తకపోతే వెళ్లి తలుపు తీయడానికి ఒక తాళంచెవి పక్కింట్లో ఉండాలి.

ప్రశ్న: మేడమ్, నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మానాన్నలు తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నకి 77. గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచీ రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. నెల కిందట అటక కింద వంగి లేస్తూ తల కొట్టుకున్నారట. బొప్పి కూడా కట్టలేదు. ఈ వారం వీడియో కాల్‌లో మాట తడబడుతోంది. పగలంతా నిద్ర. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతున్నా చూసుకోవడం లేదని అమ్మ అంటోంది. బంధువులు "వయసు మీద పడింది" అంటున్నారు.
– ఒక కొడుకు

జవాబు: బాబూ, మీ ఉత్తరం అందిన రోజే పత్రిక వాళ్ల చేత మీకు ఫోన్ చేయించి, నాన్నగారిని ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్లమని చెప్పాం. కాబట్టి ఈ జవాబు మిగతా పాఠకుల కోసం.

వయసు పెరిగేకొద్దీ మెదడు కొంచెం కుదించుకుపోతుంది. దానికీ, పుర్రె లోపలి పొరకీ మధ్య ఉన్న సన్నటి రక్తనాళాలు సాగి, బిగుసుకుని ఉంటాయి. చిన్న తాకిడికి అవి చిట్లుతాయి. రక్తం చుక్కచుక్కగా వారాల తరబడి చేరుతుంది. లక్షణాలు బయటపడేసరికి ఇంట్లో ఆ దెబ్బ సంగతే మరచిపోతారు. మత్తు, మతిమరుపు, నడకలో తేడా, తగ్గని తలనొప్పి చూసి వయసనో, డిప్రెషననో సరిపెట్టుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక్క సీటీ స్కాన్‌తో తేలిపోతుంది. రక్తం ఎక్కువగా చేరి ఉంటే పుర్రెకి చిన్న రంధ్రం చేసి తీసేస్తారు. తడబడిన మాట, ఈడ్చే కాలు మళ్లీ మామూలైనవాళ్లని చాలామందిని చూశాను.

ఆ చెప్పు సంగతి గమనించిన మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఒక పక్క కాలు బలహీనపడిందని అన్నిటికన్నా ముందు చెప్పేది అదే. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకి తల తగిలితే, బొప్పి కట్టినా కట్టకపోయినా ఆ రోజే డాక్టరుకి చూపించండి. తర్వాత రెండు నెలలు కనిపెట్టి ఉండండి. ఇలా మెల్లగా కాకుండా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట రాకపోయినా అది పక్షవాతం కావచ్చు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. తెల్లారనిద్దాం అనుకుంటే ఆ గడువు ఇంట్లోనే అయిపోతుంది.

ప్రశ్న: డాక్టరమ్మా, మా అవ్వకి 81 ఏళ్లు. వాకిట్లో ముగ్గు వేస్తా పడింది. తుంటి ఎముక విరిగిందన్నారు. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు కట్టు వేయించి మంచాన ఉంచితే అదే అతుక్కుంటుంది అని పెద్దోళ్లు అంటాండారు. ఆపరేషన్‌లోనే పోతుందేమో అని మాకూ భయంగా ఉంది.
– ఒక మనవడు, కడప జిల్లా

జవాబు: నాయనా, చేతి ఎముకలకి ఆ కట్టు వేయించుకుని బాగుపడినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. వాళ్ల మాట నేను కాదనను. తుంటి సంగతి వేరు. తుంటి విరిగినవాళ్లని చంపేది ఎముక కాదు, మంచం. కదలకుండా వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకి చేరుతుంది. నడుము కింద పుండ్లు పడతాయి. "పడి రెండు నెలలకి పోయింది" అని ఊళ్లలో చెప్పుకునే మరణాలు ఎక్కువగా ఇవే.

ఆపరేషన్‌లో రిస్క్ లేదని అనను. కానీ అవ్వ ఇప్పటిదాకా వంగి ముగ్గు వేసిందంటే ఆమె గుండె, ఊపిరితిత్తులు మీరు భయపడుతున్నంత బలహీనంగా ఉండవు. వీలైతే రెండు రోజుల లోపు ఆపరేషన్ జరగాలి. మర్నాడే పట్టుకుని నిలబెట్టాలి. అత్తామామల్ని, అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి ఒప్పించడానికి వారం తీసుకోవద్దు. ఆ తర్వాత ఎముకల బలానికి మందు అడిగి రాయించుకోండి. నిలుచున్న చోట పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయన్నమాట.

ప్రశ్న: మా మామగారికి 83. బాత్‌రూమ్‌లోకి వెళ్లి లోపల గడియ వేసుకుంటారు. వద్దంటే కోపం. మొన్న అరగంట పలకలేదు, తలుపు బద్దలు కొట్టాం. లోపల స్పృహలోనే ఉన్నారు, లేవలేకపోయారు.
– ఒక కోడలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, 83 ఏళ్ల మనిషి తలుపు వేసుకుంటానంటే అది ఆయన మర్యాద. దాన్ని తీసేయకండి. లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే తాళం పెట్టించండి. హార్డ్‌వేర్ షాపులో బాత్‌రూమ్ లాక్ అని అడిగితే ఇస్తారు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే కార్పెంటర్ చేత బయటికి మార్పించండి. పడిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే లోపలికి నెట్టి తెరవడం కుదరదు, నెడితే ఆయనకే దెబ్బ తగులుతుంది. లోపల కూర్చున్నప్పుడు అందేంత ఎత్తులో ఒక కాలింగ్ బెల్ పెట్టండి.

ప్రశ్న: మేడమ్, మా అత్తమ్మకు 76. షుగర్ గోలీలు వేసుకుంటది. ఏకాదశికి ఒక్కపొద్దు ఉంటది, గోలీ మాత్రం తప్పనియ్యదు. పోయిన ఏకాదశి రాత్రి చెమటలు పట్టి, ఏదేదో మాట్లాడింది. దేవుడు పూనిండని ఇంట్ల దండం పెట్టిన్రు. తెల్లారి ఆమెనే సర్దుకుంది.
– ఒక కోడలు, కరీంనగర్

జవాబు: తల్లీ, ఆ రాత్రి ఆమె షుగర్ పడిపోయింది. అదృష్టం బాగుండి కోలుకుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి గోలీలు మనిషి తిన్నా తినకపోయినా షుగర్‌ని దించుతూనే ఉంటాయి. వయసులో ఉన్నవాళ్లకి షుగర్ తగ్గితే గుండె దడ, వణుకు వచ్చి తెలిసిపోతుంది. పెద్దవాళ్లలో ఆ హెచ్చరికలు సరిగ్గా రావు, నేరుగా తికమక, మత్తు, ఫిట్స్ వస్తాయి. నిద్రలో వస్తే పొద్దునకి లేవకపోవచ్చు. అలాంటప్పుడు కూడా "నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు" అంటారు.

షుగర్ గోలీ వేసుకునే మనిషి ఇలా వింతగా ప్రవర్తిస్తే ముందు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకి తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. ఏకాదశి నాడు ఏ గోలీ ఆపాలో, ఏది సగం చేయాలో ముందే డాక్టర్‌ని అడిగి క్యాలెండర్ మీద రాసి పెట్టండి. మూత్రపిండాలు బలహీనపడితే ఈ గోలీలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి, అందుకని ఆ పరీక్ష కూడా చేయించండి.

ప్రశ్న: మా మేనమామ (68) రాత్రి టీవీ చూస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. గురక లాంటి శబ్దం వచ్చింది. మొహాన నీళ్లు కొట్టాం, ఉల్లిపాయ వాసన చూపించాం, అరచేతులు, అరికాళ్లు రుద్దాం. కారులో వేసుకుని 25 నిమిషాలు వెళ్లాం. దారిలోనే పోయాడన్నారు. మేం ఏం చేసి ఉండాల్సింది?
– కాకినాడ నుంచి

జవాబు: మీకు తెలిసినదంతా చేశారు. తెలియనిది ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది మేమే కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, ఇంటిల్లిపాదీ చదవండి.

గుండె ఆగిన కొద్ది నిమిషాలు గురక లాంటి ఎగశ్వాస వస్తుంది. అది ఊపిరి కాదు. భుజం తట్టి గట్టిగా పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే అనుకోవాలి. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఇంకొకరు మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి, పరుపు మీద వద్దు. ఛాతీ మధ్య ఎముక మీద ఒక అరచేయి, దాని మీద ఇంకో అరచేయి పెట్టి, మోచేతులు వంచకుండా రెండు అంగుళాల లోతు దిగేలా నొక్కి వదలండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోటిలో నోరు పెట్టి ఊదడం రాకపోతే వదిలేయండి, నొక్కడం చాలు. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, అలసిన చేతులతో లోతు తగ్గిపోతుంది. పెద్దవాళ్ల పక్కటెముకలు పటుక్కుమంటాయి. ఆపకండి. ఎముకలు తర్వాత అతుక్కుంటాయి. ఇలా చేయకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గుతుంది. కారు వెనక సీట్లో ఒళ్లో పడుకోబెట్టుకుంటే నొక్కడం కుదరదు.

నొక్కినా చాలామంది బతకరు, అదీ చెప్పాలి. మీ మేనమామ బతికి ఉండేవారని నేను అనలేను.

ప్రశ్న: నాన్న ఇంట్లోనే పోయారు. చూసే డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వడానికి తటపటాయించారు. మెట్ల మీంచి పడ్డారని తెలిస్తే పోలీసులు, పోస్ట్‌మార్టమ్ అంటారని బంధువులు ఆ మాట చెప్పొద్దన్నారు. ఇది సరైనదేనా?
– నెల్లూరు

జవాబు: కాదు. జబ్బుతో పోతే, ఆ జబ్బుకి చూస్తున్న డాక్టరు కారణం రాసి ఇస్తారు. ఇంట్లో జరిగిన మరణాలకి 4ఏ అనే ఫారం ఉంది. దాంతో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో 21 రోజుల లోపు నమోదు చేయించాలి. దాటితే రుసుము, అఫిడవిట్, అనుమతులు అంటూ తిరగాల్సి వస్తుంది. అంతకుముందు ఆ మనిషిని చూడని డాక్టరు, చనిపోయారని నిర్ధారించగలరు గానీ కారణం రాయలేరు. ఆయన తటపటాయించడంలో తప్పు లేదు.

పడి పోతే మాత్రం అది చట్టం దృష్టిలో అసహజ మరణం. పోలీసులకి చెప్పాలి. ఇంతకుముందు 174 సెక్షన్ కేసు అనేవారు, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 194. కేసు అంటే ఎవరో నేరం చేశారని కాదు, మరణం ఎలా జరిగిందో విచారించడం. ప్రమాద బీమా ఉన్నవాళ్లకి ఈ కాగితాలు లేకుండా డబ్బు రాదు. గుండె ఆగి మెట్ల మీద పడ్డారా, పడటం వల్లే పోయారా అన్నది తేలేది కూడా అక్కడే. అది మీ అన్నదమ్ములకీ, మీకూ తెలియడం అవసరం, ఎందుకంటే చిన్న వయసులో వచ్చే కొన్ని గుండె జబ్బులు వంశంలో నడుస్తాయి. పోలీసులకి ఆ రోజే చెప్పాలి, దహనం అయ్యాక పోస్ట్‌మార్టమ్ ఉండదు.